రాక వరస

మా ఊళ్ళో ఎవరు ముందొచ్చారో ఎవరు వెనకొచ్చారో వీధి పేరే చెప్పేస్తుంది. మొదటి వీధి, రెండో వీధి, మూడో వీధి, అలా చివరి వీధి దాకా. పేర్లు పెట్టడానికి ఎవరూ బుర్ర బద్దలుకొట్టుకోలేదు. ముందొచ్చినవాళ్ళు కాలవ తల దగ్గర ఇళ్ళు కట్టుకున్నారు, తర్వాతొచ్చినవాళ్ళు వాళ్ళకి దిగువన, ఆ తర్వాతొచ్చినవాళ్ళు ఇంకా దిగువన. పొలాలూ అంతే. నీళ్ళూ ఆ వరసలోనే పారతాయి. ముందొచ్చిన ఇంటికి ముందు తడి, చివరొచ్చిన ఇంటికి చివరి తడి, అదీ మిగిలితే. దీన్ని రాక వరస అంటాం. ఇది నీళ్ళ దగ్గరే ఆగలేదు. క్షవరం కొట్లో చివరి వీధి మనిషి ఎంతసేపటినుంచి కూర్చుని ఉన్నా, మొదటి వీధి మనిషి గుమ్మంలోకి రాగానే "మీరు కానివ్వండి" అని లేచి నిలబడతాడు.

ఇప్పుడు ఊరు పెరిగింది లెండి. మెయిన్ రోడ్డు మీద ట్రాక్టర్ల షోరూం, వేబ్రిడ్జి, కోల్డ్ స్టోరేజి, అడుగుకో సెల్‌ఫోన్ల కొట్టు. పంట చేతికొచ్చే రోజుల్లో సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోస్తాం, బస్సు డ్రైవర్లు తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూ పోతుంటారు. చివరి వీధి అవతల రేకుల గదులు లేచాయి. కోల్డ్ స్టోరేజిలో బస్తాలు మోసేవాళ్ళు అద్దెకి ఉంటారు వాటిలో. వాళ్ళ వీధికి ఇంకా పేరు పెట్టలేదు. ఎంత పెరిగినా వరస మాత్రం చెక్కుచెదరలేదు.

నేను మొదటి వీధిలో మొదటి ఇంట్లో పుట్టి, పక్కనున్న రెండో ఇంటికి కోడలిగా వెళ్ళాను. పుట్టింట్లో తుమ్మితే అత్తింట్లో చిరంజీవ అనేంత దూరం. మా అన్నయ్య నీళ్ళ కమిటీ పెద్ద. అంతకుముందు మా నాన్న, ఆయనకి ముందు మా తాత. కాలవ మీద మొదటి పొలం అన్నయ్యది, రెండోది మాది. ఇంత పొగరు ఉండటానికి ఒక మనిషికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

పైగా నాకు నోరుంది. ఊరు పుట్టిన కథ చెప్పాలంటే నన్నే పిలుస్తారు. ఏటా బడి తెరవగానే పంతులమ్మ పిల్లల్ని కాలవ తల దగ్గరికి తీసుకొస్తుంది. నేను గట్టు మీద నిలబడి మొదలుపెడతాను. "మా ముత్తాత బండి కట్టుకుని వచ్చేసరికి ఇక్కడ ముళ్ళకంపలూ రాళ్ళూ తప్ప ఏం లేవర్రా! ఆయన గునపం పట్టి ఈ కాలవ తవ్వాడు. నీళ్ళు చూసి మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చారు." పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టుకుని వినేవాళ్ళు. మధ్యలో నవ్వించడానికి కోతల మామ్మని దింపేదాన్ని.

కోతల మామ్మ అంటే మా చెల్లి అత్తగారు. చెల్లి చివరి వీధి అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. అన్నయ్య అప్పట్లో ఒంటికాలి మీద లేచాడు. "తల నుంచి తోకకి జారింది" అని ఇప్పటికీ అంటాడు. ఆ మామ్మ బతికున్నన్నాళ్ళూ ఒకటే పాట. "మావాళ్ళు వచ్చాకే మీవాళ్ళు వచ్చారే! మీకు కుండతో మంచినీళ్ళు పోసింది మావాళ్ళే!" అని. ఊరంతా నవ్వేది. కోతలు కోస్తోందని ఆ పేరు పెట్టింది నేనే. నడుం వంచి, నోరు వంకర చేసి, గొంతు వణికిస్తూ ఆవిడలా మాట్లాడితే పిల్లలు పొట్టలు పట్టుకునేవాళ్ళు. ఆ పిల్లల్లో మా చెల్లి కూతురు కూడా ఉండేది ఒకప్పుడు. అది నవ్విందో లేదో నేను ఏనాడూ చూడలేదు.

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. పై చెరువు నుంచి ఇంకొక్కసారి వదులుతాం, తర్వాత తలుపులు దించేస్తాం అని కబురొచ్చింది. ఆ నీళ్ళు మూడో వీధి పొలాల దాకా వస్తే గొప్ప. చివరి వీధికి చుక్క కూడా దిగదని చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

ఆ మర్నాడు చెల్లి మా షాపుకొచ్చింది. మా ఆయన కాలిపోయిన మోటార్లకి వైండింగ్ కడతాడు. ఇరుకు గది, గోడలనిండా రాగి తీగ చుట్టలు, వార్నిష్ వాసన, కూర్చోడానికి బోల్టులు ఊడిన పాత డొక్కు మోటారు. చెల్లి దానిమీద కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, నీ పైరు గింజ కట్టేసింది కదా?" అంది.

"కట్టింది. ఏం?"

"నాది ఇప్పుడే పీచు వేస్తోంది. ఈ వారం ఒక్క తడి పడితే చాలు. పడకపోతే కంకి ఉంటుంది గానీ లోపల గింజ ఉండదు. నీ తడి నాకు ఇస్తావా?"

నిజం చెప్పాలంటే నా పైరుకి ఆ తడి లేకపోయినా కొంపలు మునగవు. గింజ కాస్త బరువు తగ్గుతుంది, అంతే. ఆ సంగతి చెల్లికి తెలుసు, నాకు తెలుసు, పళ్ళెంలో స్క్రూలు ఏరుకుంటున్న మా ఆయనకి తెలుసు. అయినా నా నోటికి ముందు వచ్చింది ఏంటి?

"నేనివ్వడానికి అదేమన్నా నా సొంతమా? నేను వదిలేస్తే నా తర్వాత వరసలో ఉన్నవాళ్ళకి పోతుంది. రాక వరస దాటి నీ దాకా ఎలా వస్తుంది? అన్నయ్యని అడుగు."

"అడిగాను. వరస తప్పితే ఊరే ఉండదన్నాడు."

"మరింకేం?"

చెల్లి తలూపింది. చిన్నప్పుడు నా జడ పట్టుకుని లాగి మరీ పోట్లాడే పిల్ల, ఇప్పుడు పోట్లాడటం కూడా మానేసింది. అది వెళ్ళాక మా ఆయన తల ఎత్తకుండానే, "అందరినీ ఒప్పిస్తే ఒక్క తడికి వరస మార్చుకోవచ్చు" అన్నాడు. ఏడాదికోసారి నోరు విప్పుతాడు, అదీ ఇలాంటప్పుడు. "మీ మోటార్లు మీరు చూసుకోండి" అన్నాను.

నీళ్ళు వదిలే ముందు కాలవలో పూడిక తీయాలి. మా ఊళ్ళో దీనికో పద్ధతుంది. ఎవరి పొలం ముందు ముక్క వాళ్ళే తవ్వుకోవాలని రూలు. కానీ పైవాళ్ళం మేం తవ్వం. ఎందుకు తవ్వుతాం? పూడిక ఉన్నా లేకపోయినా మా దాకా నీళ్ళు వచ్చేస్తాయి. మా ముక్కలో మట్టి ఉంటే నష్టం కిందివాళ్ళకి. అందుకని ఏటా చివరి వీధివాళ్ళే పారలూ తట్టలూ పట్టుకుని పైదాకా వచ్చి మా మట్టి కూడా ఎత్తిపోస్తారు. మేం గట్టు మీద నిలబడి "అటుపక్క కాస్త ఉండిపోయింది చూడు" అంటుంటాం. టీ ఇస్తాం. టీ ఇచ్చినందుకు మేమెంత మంచివాళ్ళమో అని కూడా అనుకుంటాం.

ఈసారి వాళ్ళకి నీళ్ళు రావని తెలిసి కూడా వచ్చారు. ఒక్క చుక్క వృథా కాకుండా ఉంటే ఏమో, దిగుతాయేమో అని ఆశ. ఎప్పుడూ పైపైన తీసే మట్టిని ఈసారి గట్టి నేల తగిలేదాకా తీశారు. అన్నయ్య పొలం ముందు మా మరిది, అదే మా చెల్లి మొగుడు, పార వేస్తే ఖంగుమంది.

రాయి. ఇంకాస్త గీరితే పక్కన ఇంకో రాయి, దాని పక్కన ఇంకోటి. సూది దూరనంత బిగువుగా పేర్చిన రాళ్ళు. అడుగున రాళ్ళే, రెండు పక్కలా రాళ్ళే. పొద్దు నెత్తికెక్కేసరికి పెద్ద ముక్కే బయటపడింది. మేం కాలవ అనుకుంటున్నది ఆ పాత రాతికాలవ మీద పేరుకున్న మట్టి. మా ముత్తాత గునపం సంగతి అప్పుడే గుర్తొచ్చింది. గునపంతో తవ్విన కాలవకి ఇంత పనితనం ఉండదు.

జనం పోగయ్యారు. అన్నయ్య వచ్చాడు. తూముల తాళాలు ఆయన చేతిలో ఉంటాయని అందరూ తాళాలాయన అని పిలిచే కాలవ కాపలామనిషీ వచ్చాడు. అందరం ఆ రాళ్ళ వెంట నడిచాం. కాలవల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళం, ఒకళ్ళు ఇంకొకళ్ళకి చెప్పక్కర్లేదు. అన్నయ్య పొలానికి నీళ్ళు తీసే తూము దగ్గర గోడరాళ్ళని సుత్తితో అడ్డదిడ్డంగా పగలగొట్టి గొట్టం దూర్చి ఉంది. నా పొలం దగ్గరా అంతే. రెండో వీధి పొలాల దగ్గరా అంతే. ఎక్కడ చూసినా పగలగొట్టిన కంతలే. నడుచుకుంటూ చివరి వీధి పొలాల దాకా వెళ్ళి అక్కడ మట్టి గీరి చూస్తే, తూములు గోడతో పాటే కట్టి ఉన్నాయి. చక్కగా చెక్కిన అంచులు, పలక దించడానికి గాడులు, ఒక్కో పొలానికి ఒక్కోటి.

ఇందులో తెలియనిదేముంది? కాలవ కట్టినవాళ్ళు ఎవరి పొలాలకోసం కట్టుకున్నారో వాళ్ళకే తూములు పెట్టుకున్నారు. అప్పటికి పైన పొలాల్లేవు. ఉంటే పెట్టేవాళ్ళు కదా! మేం తర్వాత వచ్చాం. ఖాళీగా ఉందని పైన కూర్చున్నాం. కాలవ గోడ పగలగొట్టి నీళ్ళు మళ్ళించుకున్నాం. పైన ఉన్నాం కాబట్టి ముందొచ్చామని మేమే అనుకున్నాం, మా పిల్లలకి చెప్పుకున్నాం, చివరికి వాళ్ళ పిల్లల చేత కూడా చప్పట్లు కొట్టించుకున్నాం.

నాకు తల కొట్టేసినట్టయింది. మామ్మ గొంతు, నేను వెక్కిరించిన గొంతు కాదు, ఆవిడ అసలు గొంతు చెవుల్లో మోగింది. చనిపోయిన మనిషికి క్షమించమని ఎక్కడికెళ్ళి చెప్పను? చెల్లి అక్కడే ఉంది. నా వంక చూస్తుందేమోనని నేను రాళ్ళవంక చూస్తూ నిలబడ్డాను. అది చూడను కూడా లేదు. తట్ట ఎత్తి మిగిలిన మట్టి గట్టు మీద పోస్తోంది.

మర్నాడు పొద్దున్నే కమిటీ షెడ్డులో మీటింగ్. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, మూల ఎరువు బస్తాలు. ముందు వరస కుర్చీల్లో మొదటి వీధి, వెనక గోడకి ఆనుకుని చివరి వీధి. అలవాటు అలాంటిది, నిన్న అంత చూశాక కూడా అలాగే సర్దుకున్నాం.

మరిది లేచాడు. నెమ్మదైన మనిషి. "గొడవేం లేదండి. మీరు ఎప్పుడూ చెప్పే మాటే మేమూ చెప్తున్నాం. ముందొచ్చినవాళ్ళకి ముందు. ఈ ఒక్క తడి మా వైపునుంచి మొదలుపెట్టండి. పైవాళ్ళ పైర్లు చాలావరకు గింజ కట్టేశాయి, మావి కట్టలేదు. తర్వాత సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అని కూర్చున్నాడు.

అప్పుడు మావాళ్ళ నోళ్ళు చూడాలి! వరస వరస అని గుండెలు బాదుకున్నవాళ్ళందరూ ఒక్క రాత్రిలో ప్లేటు మార్చేశారు. "ఎప్పటి రాళ్ళో ఎవరికి తెలుసు" అన్నాడొకాయన. "పాతవి తవ్వుకుంటూ కూర్చుంటే ఊళ్ళో ఎవరం మిగలం" అంది ఇంకొకావిడ. "అసలు ఈ రోజుల్లో ముందేంటి వెనకేంటి, అందరం ఒకటే కదా" అన్నాడు క్షవరం కొట్లో లేచి నిలబడనందుకు మనిషి మీద చెయ్యి చేసుకున్న పెద్దమనిషి. అందరం ఒకటేనట! వాళ్ళు నా వాళ్ళు. చిన్నప్పటినుంచీ ఎత్తుకుని ఆడించినవాళ్ళు.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "ఊరి చరిత్ర మనందరికంటే మా చెల్లెమ్మకి బాగా తెలుసు. తననే చెప్పమనండి. ఏమ్మా, ముందొచ్చిందెవరు?"

షెడ్డంతా నావైపు తిరిగింది. నేను లేచాను. ఒక్క మాట చాలు. "వాళ్ళు" అంటే సరిపోయేది. మొదటి వీధి మనిషి, మొదటి ఇంటి ఆడపడుచు, ఇన్నేళ్ళూ ఆ కథ చెప్పిన నోరు ఆ మాట అంటే ఇంక ఎవరూ కాదనలేరు. అది తెలిసే మరిది నా వంక చూస్తున్నాడు. చెల్లి గోడకి ఆనుకుని నేలకేసి చూస్తోంది.

మరి నేనేం చూశాను? అన్నయ్య మొహం చూశాను. రేపు పక్కింటి గుమ్మంలో ఈ మొహంతోనే కదా ఎదురుపడాలి అనుకున్నాను. వీధిలో నాతో ఎవరు మాట్లాడతారు అనుకున్నాను. ఆ తర్వాత, చెప్పడానికి నోరు రావట్లేదు గానీ, నా పొలంలోకి నీళ్ళు తిరగడం కూడా కనిపించింది. అక్కర్లేని నీళ్ళు.

"నేను విన్నదే చెప్పాను గానీ చూసొచ్చానా" అని నీళ్ళు నమిలాను. "ఆ రాళ్ళ సంగతి తెలిసినవాళ్ళని పిలిపించి తేల్చుకుందాం. అప్పటిదాకా ఈ తడి ఎప్పటిలాగే కానివ్వండి."

"అదీ మాట!" అన్నాడు అన్నయ్య. ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండనిపించింది. నేల చీలలేదు, నేను కుర్చీలో కూర్చున్నాను. చివరి వీధివాళ్ళు అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఒక్కొక్కళ్ళే చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. పోతూ పోతూ మరిది, "వస్తాను వదినా" అన్నాడు, ఎప్పటిలాగే. కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. మా ఆయన నా వంక చూడకుండా తినేసి షాపుకి వెళ్ళిపోయాడు, తిట్టినా బాగుండేది. మీటింగైన మూడో రోజు ఉదయం నీళ్ళొస్తున్నాయన్నారు. మా అన్నయ్య పొలం తడిశాక మధ్యాహ్నానికి నా వంతు. ఇక ఉండలేకపోయాను. ఆ రోజు కాస్త పొద్దెక్కాక చెప్పులు తగిలించుకుని చెల్లి పొలానికి బయల్దేరాను. దారంతా మాటలు కూడదీసుకున్నాను. నా తడి నువ్వు తీసుకో, తాళాలాయనకి నేను చెప్తాను, నా తర్వాతవాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను, అన్నయ్య ఏమంటే అననీ. అలా అనుకుంటూ నడుస్తుంటే కాస్త తేలికపడ్డాను కూడా. మంచిదాన్నే కదా అనిపించింది. ఎంత సిగ్గులేని మనసో చూడండి.

చెల్లి పైరు కోస్తోంది. పచ్చి పైరు. నిలువెత్తు మొక్కలు, కంకులకి పీచు ఇంకా లేతగా ఉంది. మొదలంటా కోసి కట్టలు కడుతోంది. సగం చేను అప్పుడే బోడి అయిపోయింది. అవతల మరిది పాడిపశువులవాళ్ళ బండికి కట్టలు ఎత్తుతున్నాడు.

"ఏంటే ఇది!" అని అరిచాను.

"ఎండిపోయాక పశువులు కూడా తినవక్కా. పచ్చగా ఉండగానే మేతకి ఇచ్చేస్తే కాస్తో కూస్తో వస్తుంది."

"ఆపు, ఆపు! నేను నీళ్ళిస్తాను. నా వంతు నీకే. ఇప్పుడే వెళ్ళి చెప్పొస్తాను."

చెల్లి నడుం ఎత్తింది. మొహం నిండా చెమట, మొక్కజొన్న ఆకులు కోసుకుపోయిన చేతులు. దానికి కోపం లేదు. అదే నన్ను చంపేసింది.

"షాపుకొచ్చినప్పుడు నీ తడి అడిగాను. అప్పుడైతే పుచ్చుకునేదాన్ని, నువ్వు మా అక్కవి కాబట్టి. మొన్న షెడ్డులో మేం అడిగింది నీది కాదు, మాది. మాదని నీకు తెలుసు. అందరిముందూ తెలియదన్నావు. ఇప్పుడు ఎవరూ లేనప్పుడు వచ్చి ఇస్తానంటే ఎలా పుచ్చుకోనక్కా?"

ఏడుపొచ్చింది గానీ దాని ముందు ఏడవడానికి కూడా నాకు హక్కు లేదనిపించింది. పక్కన గట్టు మీద ఇంకో కొడవలి ఉంటే తీసుకుని వంగాను. కనీసం కోతకైనా సాయం పడదామని. రెండు మొక్కలు కోశానో లేదో చెల్లి వచ్చి నా చేతిలోంచి కొడవలి తీసేసుకుంది. విసురుగా కాదు. చిన్నపిల్లల చేతిలోంచి తీసుకున్నట్టు నెమ్మదిగా.

"వద్దక్కా. నీ వంతు టైమైపోతుంది. వెళ్ళు" అంది.

ఇంకోసారి బతిమాలాలి, కాళ్ళమీద పడాలి, పోనీ తిరిగెళ్ళి షెడ్డు ముందు నిలబడి ఊరంతా వినేలా "ముందొచ్చింది వాళ్ళే" అని అరవాలి. ఇవన్నీ అనుకున్నాను. అంతలో పైనుంచి తాళాలాయన ఈల వినిపించింది. అన్నయ్య పొలం నిండబోతోందన్నమాట. ఇంక నా తూము తీయాలి. ఆలస్యమైతే నీళ్ళు నన్ను దాటిపోతాయి.

చెల్లి మళ్ళీ వంగి కోసుకుంటోంది.

నేను వెళ్ళాను. గబగబా వెళ్ళాను.